షేక్‌స్పియర్ రాయలేదంటున్నారక్కా, నేనూ మానేయనా?

ఒక పాఠకుడి ఉత్తరం:

“అక్కా, నాకు 31 ఏళ్ళు. మాది తెనాలి దగ్గర ఒక ఊరు. ఇంటర్‌లో రెండు సబ్జెక్టులు పోయాక నాన్న టైలరింగ్ షాపులో మిషన్ ఎక్కాను, ఇప్పటికీ అదే పని. మా ఊళ్ళో పాత నాటక సమాజం ఒకటి ఉంది. దానికి ఇప్పటిదాకా ఆరు నాటికలు రాశాను, అన్నీ పరిషత్తు పోటీల్లో ఆడారు. ఈసారి మా అమ్మమ్మ చెప్పిన కథ తీసుకున్నాను, ముగ్గురు కొడుకులకి పొలం పంచేసి చివరికి ఊరి అరుగుల మీద పడుకున్న ముసలాయన కథ. ఆడటం అయ్యాక ఒక పెద్దాయన, కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయిన మనిషి, అందరి ముందూ ‘అరిగిపోయిన కథ ఎత్తుకొచ్చావు, చదువు లేకపోతే ఇంతే’ అన్నారు. షేక్‌స్పియర్ కూడా కాలేజీ మెట్లు ఎక్కలేదు కదండీ అన్నాను. దానికాయన ‘ఆ నాటకాలు అతనివి కానే కావు, ఎవరో ప్రభువు రాసి అతని పేరు పెట్టాడు, చేతి తొడుగులు కుట్టేవాడి కొడుక్కి అంత ఎక్కడినుంచి వస్తుంది’ అన్నారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అది నిజమా? పాత కథ తీసుకోవడం దొంగతనమా? షాపు వదిలేసి హైదరాబాద్ వెళ్ళి సీరియల్స్‌కి రాయాలని రెండేళ్ళుగా ఉంది, ఇద్దరు పిల్లలు, వెళ్ళమంటారా? ఇంకోటి, మా ఆవిడ అడగమంది. షేక్‌స్పియర్ చనిపోతూ భార్యకి పాత మంచం ఒక్కటే రాసిచ్చాడటగా, నిజమేనా?”

తమ్ముడూ, అక్కా అన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తాను, ఏమీ అనుకోకు. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. పాతికేళ్ళు డిగ్రీ పిల్లలకి షేక్‌స్పియర్ నాటకాలు చెప్పినదాన్ని, ఆ పెద్దాయన అన్న మాట నాతోనూ చాలామంది అన్నారు, అందుకని ముందు అది తేల్చేసి మిగతావాటికి వస్తాను.

ఆ నాటకాలు రాసింది స్ట్రాట్‌ఫర్డ్ అనే చిన్న ఊరి నుంచి లండన్ వెళ్ళిన విలియం షేక్‌స్పియరే. 1564 ఏప్రిల్ 26న ఆ ఊరి చర్చిలో బాప్టిజం ఇచ్చినట్టు రిజిస్టర్లో ఉంది. తండ్రి జాన్. హెన్లీ వీధిలో ఇల్లు, ఆ ఇంట్లోనే తొడుగుల పని, తోలు సాగదీయడం, కత్తిరించడం, కుట్టడం. జాన్ కాగితాల మీద పేరు రాసేవాడు కాదు, గుర్తు పెట్టేవాడు. అయినా 1568లో ఆ ఊరికి బెయిలిఫ్ అయ్యాడు, మన మున్సిపల్ చైర్మన్ లాంటి పదవి అనుకో. అలాంటివాళ్ళ పిల్లలకి ఊరి గ్రామర్ స్కూల్లో ఫీజు లేకుండా చదువు చెప్పేవాళ్ళు. ఆ బడిని తక్కువగా చూడకు. తెల్లారి బెంచీ మీద కూర్చుంటే సాయంత్రం దాకా లాటినే, కవుల్ని కంఠతా పట్టించడం, లాటిన్‌లోంచి ఇంగ్లీషులోకి, మళ్ళీ ఇంగ్లీషులోంచి లాటిన్‌లోకి మార్పించడం. మన వీధిబడుల్లో అమరం వల్లె వేయించినట్టే. మాటలతో పని చేసేవాడికి అంతకంటే గట్టి పునాది ఏ యూనివర్సిటీ ఇస్తుందో నాకైతే తెలీదు.

ఇక ప్రభువు సంగతి. ఈ అనుమానం ఆయన బతికుండగా ఎవరికీ రాలేదు. 1857లో డెలియా బేకన్ అనే అమెరికన్ ఆవిడ పుస్తకం రాశాక ఊపందుకుంది. 1920లో థామస్ లూనీ అనే స్కూలు మాస్టారు, ఆక్స్‌ఫర్డ్ ఎర్ల్ రాశాడని ఇంకో పుస్తకం వేశాడు. మీ పెద్దాయన చెప్పింది బహుశా ఈ ఎర్ల్ గురించే. ఆ ఎర్ల్ 1604లో చనిపోయాడు. ‘ది టెంపెస్ట్’ 1611 నవంబర్లో రాజుగారి ముందు ఆడారు, ‘ది వింటర్స్ టేల్’ అదే ఏడాది మే నెలలో గ్లోబ్ అనే థియేటర్లో చూసినట్టు ఒక ప్రేక్షకుడు నోట్సు రాసుకున్నాడు. అన్నిటికంటే ముఖ్యం, ఆయనతో కలిసి వేషాలు వేసినవాళ్ళు, ఆయనతో పోటీపడి రాసిన బెన్ జాన్సన్, అందరూ ఇవి మా షేక్‌స్పియర్‌వే అని అచ్చులో చెప్పారు. జాన్సన్ ఊరికే పొగిడే మనిషి కూడా కాదు. షేక్‌స్పియర్ రాసిన ఒక్క లైను కూడా కొట్టేయలేదని నటులు గొప్పగా చెప్తే, వెయ్యి లైన్లు కొట్టేసి ఉంటే బాగుండేది అన్నాడాయన.

‘చేతిపని చేసేవాడి కొడుక్కి ఎలా వస్తుంది’ అన్న మాట నాకు మరీ బాధ. ఆ రోజుల్లో లండన్ నాటకాన్ని నిలబెట్టిందే ఆ పిల్లలు. షేక్‌స్పియర్ పుట్టిన ఏడాదే పుట్టిన క్రిస్టఫర్ మార్లో చెప్పులు కుట్టే ఆయన కొడుకు, స్కాలర్‌షిప్ మీద కేంబ్రిడ్జ్‌లో చదివాడు. బెన్ జాన్సన్ మారుతండ్రి తాపీ మేస్త్రి, జాన్సన్ కూడా కొన్నాళ్ళు ఇటుకలు పేర్చాడు. వీళ్ళందరికీ ఇంట్లో పని చేసే చేతులు కనిపించాయి, అది నాటకాల్లోకి వచ్చింది. ‘ట్వెల్త్ నైట్’లో విదూషకుడు ఒక మాట అంటాడు: తెలివైనవాడి చేతిలో వాక్యం మేకపిల్ల తోలు తొడుగు లాంటిది, ఎంత సులువుగా లోపలి వైపు బయటికి తిప్పేయొచ్చో! ఆ తోలు ఎంత మెత్తగా ఉంటుందో, లాగితే ఎంత సాగుతుందో తెలిసిన ఇంట్లో పెరిగినవాడికి చప్పున తోచే మాట అది. ఇంకో నాటకంలో ఒకావిడ ఎవరి గడ్డాన్నో వర్ణిస్తూ, తొడుగులవాళ్ళు తోలు గీరే కత్తిలా గుండ్రంగా ఉంటుందే ఆ గడ్డమా అని అడుగుతుంది. షాపులో లైనింగు గుడ్డ తిరగేసి కుట్టి కాలరు బయటికి లాగే నీకు ఇవి నాకంటే బాగా అర్థమవుతాయి.

నీకు జరిగిన అవమానం ఆయనకీ జరిగింది. 1592లో, అప్పుడాయనకి 28 ఏళ్ళు. రాబర్ట్ గ్రీన్ అని కేంబ్రిడ్జ్ ఎమ్మే చదివిన రచయిత ఉండేవాడు, కథలు, నాటకాలు రాసి పేరు తెచ్చుకున్నవాడు, చివరికి డబ్బుల్లేక, జబ్బుపడి చనిపోయాడు. పోయాక అతని పేరుతో ఒక చిన్న పుస్తకం వచ్చింది. అందులో తోటి చదువుకున్న రచయితల్ని హెచ్చరిస్తాడు: జాగ్రత్త, మన ఈకలు పెట్టుకుని అందంగా తయారైన ఒక కాకి పైకొచ్చింది, దేశంలో నాటకాన్ని ఊపేసేవాడు తనొక్కడే అనుకుంటోంది అని. నెమలి ఈకలు పెట్టుకున్న కాకి కథ మనకి చిన్నప్పటినుంచీ తెలిసిందేగా. నటుడివి నువ్వు, నటుడిలా ఉండు, రచన మా పని అని దాని అర్థం. దొంగ అన్న నింద కూడా అందులోనే ఉంది చూడు. కొన్ని నెలలకి, ఆ పుస్తకం అచ్చుకి సిద్ధం చేసిన హెన్రీ చెటిల్, తప్పు జరిగింది, ఆ మనిషి మర్యాదస్తుడు, నిజాయితీపరుడు అని అచ్చులోనే క్షమాపణ చెప్పుకున్నాడు. షేక్‌స్పియర్ మాత్రం ఒక్క ముక్క జవాబు రాసినట్టు ఎక్కడా లేదు.

కానీ దాదాపు ఇరవై ఏళ్ళ తరవాత ఏం చేశాడో చూడు. గ్రీన్ 1588లో రాసిన ‘పాండోస్టో’ అనే కథని తీసుకుని ‘ది వింటర్స్ టేల్’ రాశాడు. గ్రీన్ కథలో అనుమానపు రాజు నింద వేసిన రాణి చచ్చిపోతుంది, అంతే, మళ్ళీ రాదు. షేక్‌స్పియర్ నాటకంలో పదహారేళ్ళ తరవాత రాజుకి రాణి విగ్రహం చూపిస్తారు. చూస్తూ నిలబడ్డ రాజు, ఈ మొహం మీద ఇన్ని ముడతలు లేవే, ఆమె ఇంత పెద్దది కాదే అంటాడు. బతికుంటే ఇప్పుడు ఇలా ఉండేదని శిల్పి ఊహించి చెక్కాడంటారు. తరవాత సంగీతం మొదలవుతుంది, విగ్రహం కదిలి దిగి వస్తుంది. చెయ్యి పట్టుకుని రాజు అనే మొదటి మాట, ‘అయ్యో, వెచ్చగా ఉంది!’ తనని కాకి అన్నవాడి కథ తీసుకుని, ఆ కథలో చచ్చిపోయిన మనిషికి ప్రాణం పోశాడు. క్లాసులో ఈ చోటుకి వచ్చినప్పుడల్లా నా గొంతు పట్టేసేది.

కాబట్టి దొంగతనమా అన్న ప్రశ్నకి జవాబు ఇక్కడే ఉంది. ఆయన మొత్తం సొంతంగా అల్లిన కథలు రెండు మూడుకి మించి ఉండవు. రోమియో జూలియట్ కథ 1562లో ఆర్థర్ బ్రూక్ పొడుగాటి పద్యంగా రాసినదే. అందులో కథ నెలల తరబడి నడుస్తుంది, ఈయన దాన్ని నాలుగైదు రోజుల్లోకి కుదించి, ఎవరికీ ఊపిరి తిప్పుకునే టైం లేకుండా చేశాడు. మనకి ఇది కొత్త సంగతి కూడా కాదు కదా. పెద్దన మనుచరిత్ర కథ మార్కండేయ పురాణంలో ఉన్నదే, ప్రవరుడు ఆయన పుట్టించిన మనిషి కాదు. అయినా ప్రవరుడు అనగానే మనకి గుర్తొచ్చేది పెద్దన.

నీ నాటిక విషయంలో మాత్రం నేను ఇంకాసేపు ఆగాలి, ఎందుకంటే నువ్వు తెలియకుండానే ‘కింగ్ లియర్’ కథలోకి వెళ్ళావు. ముసలాయన, ఆస్తి పంపకం, ముగ్గురు పిల్లలు, చివరికి రోడ్డు. ఆ కథ షేక్‌స్పియర్ కంటే నాలుగు వందల ఏళ్ళ ముందునుంచీ ఇంగ్లాండు చరిత్ర పుస్తకాల్లో ఉంది, ఆయనకి ముందే దాన్ని ఎవరో నాటకంగా రాసి ఆడారు, 1605లో అది అచ్చయింది కూడా. మన ‘గుణసుందరి కథ’ సినిమా మొదలయ్యేదీ ఇలాగే. పాత నాటకంలో రాజుకి మళ్ళీ సింహాసనం వస్తుంది, చిన్నకూతురు బతికే ఉంటుంది, అందరూ సుఖంగా ఇంటికి పోతారు. షేక్‌స్పియర్ ఆ సుఖాన్ని తీసేశాడు. చిన్నకూతురు కార్డీలియాని జైల్లో ఉరి తీస్తారు, ముసలి తండ్రి ఆమెని చేతుల్లో మోసుకుని స్టేజి మీదికొస్తాడు. జనం దీన్ని ఎంత భరించలేకపోయారంటే, 1681లో నేహమ్ టేట్ అనే ఆయన మళ్ళీ సుఖాంతం పెట్టి తిరగరాస్తే నూట యాభై ఏళ్ళ పాటు ఎక్కువగా ఆ మార్చిన నాటకమే ఆడారు.

అయితే నేను నీకు చూపించాలనుకున్నది కార్డీలియా చావు కాదు, ఒక గుండీ. మొదటి అంకంలో లియర్ మ్యాపు తెప్పించి రాజ్యం ముక్కలు చేసి పంచుతాడు, అందరికీ ఆజ్ఞలు వేస్తాడు. మధ్యలో గాలివానలో, ఒంటి మీద బట్టలన్నీ అరువు తెచ్చుకున్నవే, పొండి, ఇక్కడ గుండీలు విప్పండి అని చించుకుంటాడు. చివర్లో కూతురి శవం పక్కన, నువ్వు ఇంక రావు, ఎప్పటికీ రావు అని అయిదుసార్లు అదే మాట అనుకుని, పక్కనున్నవాడి వైపు తిరిగి, ‘దయచేసి ఈ గుండీ విప్పండి’ అంటాడు. అతను విప్పుతాడు. ‘థాంక్యూ సర్’ అంటాడు రాజు. కాసేపటికి చచ్చిపోతాడు. ఆ ఒక్క గుండీలో ఊపిరాడకపోవడం ఉంది, చేతులు వణకడం ఉంది, జీవితమంతా ఆజ్ఞలు వేసిన మనిషి ఒక గుండీ కోసం ‘దయచేసి’ అనడం ఉంది. ఆ పాత నాటకంలో ఈ గుండీ లేదు.

ఇప్పుడు నీ నాటిక తీసి చదువు. మీ అమ్మమ్మ కథలో లేనిది, నువ్వు మాత్రమే పెట్టింది ఏముంది అందులో? పెద్దాయన అన్నదాంట్లో నీకు పనికొచ్చే ముక్క ఏదైనా ఉంటే అది ఇదొక్కటే. కథ పాతదైతే నష్టం లేదు, కథలో ప్రతీదీ పాతదే అయితే నష్టం. నువ్వు రోజూ మనుషుల ఒంటికి టేపు పెడతావు. భుజాలు ఎప్పుడు వంగాయో, నడుం ఎన్ని ఇంచులు తగ్గిందో, మూడేళ్ళ క్రితం ఆది చొక్కా ఇప్పుడు ఎందుకు వదులైందో ఇంట్లోవాళ్ళ కంటే ముందు నీకే తెలుస్తుంది. ఆ ముసలాయన చొక్కా సంగతి నాటికలో ఎక్కడా లేకపోతే, అది నువ్వు చేసిన తప్పు, సరిదిద్దుకో.

హైదరాబాద్ గురించి చెప్పేముందు షేక్‌స్పియర్ వెళ్ళిన పద్ధతి చూద్దాం, ఎందుకంటే నీలాంటి చాలామంది ఆయన్ని చూపించి ఇల్లు వదిలేస్తారు. పద్దెనిమిదేళ్ళకి పెళ్ళయింది, ఆన్ హాథవేకి అప్పటికి ఇరవయ్యారు. 1583లో సుసానా, 1585లో కవలలు హామ్నెట్, జూడిత్. ఆ తరవాత 1592లో గ్రీన్ తిట్టేదాకా ఏడేళ్ళు కాగితాల మీద ఆయన జాడ దాదాపు లేదు. ఇరవై ఏళ్ళకు పైగా లండన్‌లో పని చేస్తే, సంసారం స్ట్రాట్‌ఫర్డ్‌లో ఉంది, రెండు ఊళ్ళకీ మధ్య 150 కిలోమీటర్ల దాకా దూరం, గుర్రం మీదైతే రోజుల ప్రయాణం. 1612లో కోర్టులో సాక్ష్యం చెప్పినప్పుడు తేలింది, అంతకుముందు సిల్వర్ స్ట్రీట్‌లో విగ్గులూ ఆడవాళ్ళ తల అలంకారాలూ చేసే ఒక ఫ్రెంచి కుటుంబం ఇంట్లో అద్దెకున్నాడని. ఆ ఇంటావిడ అడిగితే వాళ్ళ షాపులో పని నేర్చుకున్న కుర్రాణ్ణి వాళ్ళమ్మాయితో పెళ్ళికి ఒప్పించాడట. కట్నం ఇవ్వలేదని అల్లుడు కేసు వేస్తే, ఎంత ఇస్తామన్నారని కోర్టు అడిగితే నాకు గుర్తులేదన్నాడు. హామ్నెట్ 1596లో పదకొండేళ్ళకి పోయాడు, ఆగస్టు 11న స్ట్రాట్‌ఫర్డ్‌లో పూడ్చినట్టు రిజిస్టర్లో ఉంది. ఆ ఎండాకాలంలో తండ్రి ఎక్కడ ఉన్నాడో చెప్పే కాగితం ఒక్కటీ లేదు. ఇద్దరు పిల్లల తండ్రివి, ఈ భాగం కూడా చదువుకుని నిర్ణయం తీసుకోవాలి నువ్వు.

డబ్బు సంగతి ఇంకా ముఖ్యం. అప్పట్లో ఒక నాటకం రాస్తే రచయితకి సుమారు ఆరు పౌండ్లు, ఒక్కసారి, అంతే. తరవాత వందసార్లు ఆడినా పైసా రాదు, అచ్చయినా రాదు. ఆ డబ్బుతో బతకబోయి గ్రీన్ ఎలా పోయాడో చెప్పాను. షేక్‌స్పియర్ సంపాదించింది రాసినందుకు కాదు, వాటా ఉన్నందుకు. 1594లో ‘లార్డ్ చాంబర్లెయిన్స్ మెన్’ సమాజంలో భాగస్తుడయ్యాడు, వచ్చిన కలెక్షన్లో వాటా. 1598 డిసెంబర్లో స్థలం యజమానితో గొడవ ముదిరితే, వాళ్ళు తమ పాత థియేటర్ దూలాలు, స్తంభాలు ఊడదీసుకుని నది అవతలికి తరలించి 1599లో ఆ కలపతోనే గ్లోబ్ కట్టుకున్నారు. అందులో పదో వంతు ఈయనది. 1597లోనే సొంత ఊళ్ళో న్యూ ప్లేస్ అనే పెద్ద ఇల్లు 60 పౌండ్లకి కొన్నాడు. 1592 నుంచి 94 దాకా ప్లేగు వచ్చి థియేటర్లు మూసేస్తే, ఊరికే కూర్చోకుండా రెండు పెద్ద కావ్యాలు రాసి అచ్చు వేయించాడు. వేసిన ప్రింటరు రిచర్డ్ ఫీల్డ్, వాళ్ళ ఊళ్ళోనే తోళ్ళు ఊనే ఆయన కొడుకు.

ఇందులోంచి నీకు నేను చెప్పేది ఒకటే, సమాజాన్ని వదలకు. అక్కడ ఎవరూ తెలియకుండా, ఒక బ్యాగుతో హైదరాబాద్ బస్సెక్కకు. నా దగ్గర చదువుకున్న కుర్రాడొకడు అలాగే వెళ్ళాడు, ఒక సీరియల్‌కి ఏడు నెలలు సీన్లు రాశాడు, టైటిల్స్‌లో పేరు రాలేదు, డబ్బులు ఇదిగో అదిగో అంటూ చివరికి రాలేదు, తిరిగొచ్చాక రెండేళ్ళు పెన్ను పట్టలేదు. వెళ్ళాలనే ఉంటే ముందు మీ సమాజంలోంచి అక్కడికెళ్ళి పని చేస్తున్నవాళ్ళని పట్టుకో, ఎవరో ఒకరు ఉంటారు, నీ రిచర్డ్ ఫీల్డ్ వాళ్ళే. సీన్లు ఇంటి దగ్గర నుంచే రాసి పంపు, ఇప్పుడు ఫోన్లో అయిపోతుంది. ఎపిసోడ్‌కి ఎంత, ఎప్పుడిస్తారు, పేరు వేస్తారా, ఈ మూడూ కనీసం వాట్సాప్‌లోనైనా రాతపూర్వకంగా తీసుకో. ఆరు నెలలు డబ్బులు టైముకి వస్తే అప్పుడు మళ్ళీ నాకు రాయి. అప్పటిదాకా మిషన్ తియ్యొద్దు.

సమాజం వదలకు అనడానికి ఇంకో కారణం ఉంది. రోమియో జూలియట్ 1599లో అచ్చయిన ప్రతిలో ఒకచోట, పీటర్ అనే నౌకరు రావాల్సిన చోట ‘విల్ కెంప్ ప్రవేశం’ అని ఉంటుంది. కెంప్ వాళ్ళ సమాజంలో హాస్యనటుడు. రాస్తున్నప్పుడు పాత్ర పేరు బదులు నటుడి పేరు పడిపోయింది, అంటే ఆయనకి కళ్ళముందు కెంప్ నడిచొస్తున్నాడు. కెంప్ గంతులేసి ఊగించే రకం. అతను సమాజం వదిలేశాక రాబర్ట్ ఆర్మిన్ వచ్చాడు, పాటగాడు, లోపల్లోపల ఆలోచించే మనిషి. ఆ వెంటనే షేక్‌స్పియర్ విదూషకులు మారిపోయారు, పాడటం మొదలుపెట్టారు, నవ్విస్తూ గుండెలో గుచ్చే మాటలు అనడం మొదలుపెట్టారు. లియర్ పక్కన గాలివానలో తిరిగే విదూషకుడు అలా పుట్టాడు. వాళ్ళ సమాజంలో ముఖ్య నటుడు రిచర్డ్ బర్బేజ్ లేకపోతే, ‘హామ్లెట్’ నాటకంలో నాయకుడు అలా ఉండేవాడు కాదు. ఇది మన భాషలో చెప్పాలంటే కొలతలు తీసుకుని కుట్టడం, రెడీమేడ్ కాదు. మీ సమాజంలో ఎవరి గొంతు ఎక్కడ పలుకుతుందో, ఎవరికి మౌనం బాగా కుదురుతుందో నీకు ఆరు నాటికల లెక్క ఉంది. సీరియల్‌వాళ్ళు ఆ లెక్క నీకివ్వరు, ఏ వేషం ఎవరు వేస్తారో కూడా చెప్పకుండా సీన్ అడుగుతారు.

ఇంకో పని ఈ ఆదివారమే చెయ్యి. నీ ఆరు నాటికల రాతప్రతులు ఎక్కడున్నాయి? ప్రాంప్టర్ దగ్గర ఒకటి, మేకప్ పెట్టెలో ఒకటి అయితే వెంటనే తెచ్చుకుని, ఫొటోలు తీసి రెండుచోట్ల దాచు. షేక్‌స్పియర్ 1616 ఏప్రిల్ 23న పోయేనాటికి ఆయన నాటకాల్లో సగం అచ్చు కాలేదు. వీలునామాలో ముగ్గురు తోటి నటులకి, బర్బేజ్, హెమింజ్, కాండెల్, గుర్తుగా ఉంగరాలు కొనుక్కోమని తలా 26 షిల్లింగుల 8 పెన్నీలు రాశాడు. బర్బేజ్ 1619లో పోయాడు. మిగిలిన ఇద్దరూ ప్రతులన్నీ పోగేసి 1623లో 36 నాటకాలతో పెద్ద పుస్తకం వేయించారు. అందులో 18 అంతకుముందు ఎక్కడా అచ్చవలేదు. మాక్‌బెత్, జూలియస్ సీజర్, టెంపెస్ట్, ట్వెల్త్ నైట్, గ్రీన్ కథలోంచి వచ్చిన ఆ విగ్రహం, అన్నీ ఆ పద్దెనిమిదిలోవే. ఫ్లెచర్ అనే ఇంకో నాటక రచయితతో కలిసి రాసిన ‘కార్డీనియో’ నాటకం ఆ పుస్తకంలోకి ఎక్కలేదు, ఇప్పుడు లేదు, పోయింది. ప్రభువులెవరూ కాపాడలేదు తమ్ముడూ, పక్కన నిలబడి వేషాలు వేసినవాళ్ళు కాపాడారు.

ఇక మీ ఆవిడ ప్రశ్న. నిజమే. 1616 మార్చి 25న సంతకం చేసిన వీలునామాలో భార్యకంటూ ఉన్నది ఒకే ఒక్క వాక్యం, అది కూడా తరవాత లైన్ల మధ్యలో ఇరికించి రాసింది: నా రెండో మంచి మంచం, పరుపు సామానుతో సహా నా భార్యకి. ఆస్తి ఎక్కువగా పెద్దమ్మాయి సుసానాకి పోయింది. ఆవిడ తరఫున మాట్లాడేవాళ్ళు ఏమంటారంటే, ఇంట్లో మొదటి మంచి మంచం చుట్టాలకి, రెండోది మొగుడూ పెళ్ళాలది, విధవరాలికి రావాల్సిన భాగం చట్టం ఎలాగూ ఇస్తుంది కాబట్టి విడిగా రాయక్కర్లేదు అని. నాకు సగం నమ్మకం. ముగ్గురు స్నేహితులకి ఉంగరాలు గుర్తొచ్చిన మనిషికి, భార్య పేరు పక్కన ఒక ప్రేమ మాట గుర్తురాలేదే అనిపిస్తుంది చదివినప్పుడల్లా. పదాల్లో అంత ధనవంతుడు కదా. అది మీ ఆవిడకి కూడా అనిపించి ఉంటుంది, అందుకే అడగమని ఉంటుంది.

ఆన్ ఆయన తరవాత ఏడేళ్ళు బతికి 1623 ఆగస్టు 6న పోయింది, చర్చిలో ఆయన పక్కనే ఉంది. పుస్తకం అచ్చు పూర్తయి బయటికొచ్చింది ఆ నవంబర్లో. నీ ఉత్తరంలో పెద్దాయన ఏమన్నాడో మాటమాటా రాశావు, కానీ మీ ఆవిడ నీ నాటిక చూసిందా, చూసి ఏమంది? ఆ సంగతి ఎక్కడా లేదు. ఆ ముసలాయన సీన్ ఈ రాత్రి ఆమెకి చదివి వినిపించు, ఏమందో నాకు రాయి.